ఎద్దు గానుగకు ఒక రోజు: పల్లీలు మీరే పట్టుకపోండి

వరంగల్ నుంచి ములుగు పోయే దారిలో, ఒక పల్లెలో ఇంకా తిరుగుతున్న పాత ఎద్దు గానుగ ఇది. దీనికి ఒక పూట సరిపోదు, తీరిగ్గా రోజంతా పెట్టుకోవాలి. సీసాల్లో నింపి పెట్టిన నూనె కొనుక్కొచ్చేటట్టయితే అంత దూరం పోనక్కర లేదు, హన్మకొండ దుకాణాల్లోనే దొరుకుతుంది. మన గింజలు మనం పట్టుకపోయి, రోట్లో పోసినప్పటి నుంచి చెక్క (నూనె పోగా మిగిలే పిప్పి) తీసేదాకా పక్కన కూర్చున్నప్పుడే ఈ ప్రయాణానికి విలువ.

ఒక వాయికి, అంటే ఒకసారి ఆడించడానికి, 10 కిలోల పల్లీలు పడతాయి. కాయల్తో పోయేవాళ్లు 14-15 కిలోలు తూచుకోవాలి, పొట్టు పోను 10 కిలోల గింజ మిగులుతుంది. గింజ ఎండటం మీదే సగం పని ఆధారపడి ఉంది. రెండు వేళ్ల మధ్య నలిపితే పొర ఊడాలి, కొరికితే పుటుక్కున విరగాలి. పంటి కింద సాగితే ఇంకా పచ్చి ఉన్నట్టే. అట్లాంటి గింజ రోట్లో ముద్దగా అంటుకుపోతుంది, నూనె విడవదు. వేయించి తీసుకుపోవద్దు. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, ఆకుపచ్చ బూజు పట్టినవి ముందు రోజే ఏరి పారేయాలి. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వంట వేడికి పోదు. నూనెకు ఆడించేవే కదా అని పుచ్చు గింజలు కలిపేవాళ్లున్నారు, అది చాలా తప్పు.

గానుగ చూడటానికి సాదాగా ఉంటుంది. భూమిలో పాతిన రోలు, అందులో వాలుగా నిలబడ్డ రోకలి, దాన్ని లాగే దూలం, దూలం మీద బరువుకు రాయి, చివర ఎద్దు. మొదట్లో చాలాసేపు పిండి తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు గానుగాయన చారెడు చారెడు నీళ్లు చల్లుతాడు. కొత్తగా చూసేవాళ్లు కల్తీ అనుకుంటారు గానీ, ఆ నీళ్లే పిండిని ముద్ద కట్టించి లోపలి నూనెను బయటికి నెడతాయి. తక్కువైతే పిండి పొడిగానే ఉండి నూనె దానిలోనే ఇంకిపోతుంది. ఎక్కువైతే నూనె పాలలాగా తెల్లబడి, నిల్వకు ఆగదు. ఎప్పుడు ఆపాలో చేతితో పిండిని పిసికి చూసి చెప్పేవాడే అసలైన పనివాడు. ఇక్కడి పనిలో నచ్చింది ఇదే: ప్రతి చల్లుకీ ముందు పిండి పట్టి చూస్తారు, మనకూ చూపిస్తారు.

గంటన్నర నుంచి రెండు గంటల్లో చెక్క రోలు గోడకు గట్టిగా పట్టుకుని, నూనె పైకి తేలుతుంది. 10 కిలోలకు మూడున్నర నుంచి 4 కిలోల దాకా రావచ్చు. పల్లి నూనె లీటరు 910 గ్రాముల చిల్లర తూగుతుంది, కాబట్టి 4 కిలోలంటే దాదాపు 4.4 లీటర్లు. 5 లీటర్ల స్టీలు క్యాను, తడి లేకుండా తుడిచింది, మనమే పట్టుకపోవాలి. రోజుల తరబడి ఆడని రోలు మొదటి వాయిలో కొంత నూనె తాగుతుంది. నిన్న ఏం ఆడించారో, రోలు తుడిచారో లేదో ముందే అడగండి. నువ్వులు ఆడించిన రోట్లో పల్లీలు పోస్తే ఆ వాసన రాక మానదు.

ధర విషయంలో లెక్క వేసుకోవాలి. లీటరు నూనెకు 2.3 నుంచి 2.6 కిలోల పల్లీలు కావాలి. పల్లీలు కిలో 130 అనుకుంటే గింజకే 300 దాటుతుంది, చెక్క అమ్మిన డబ్బు తీసేసినా 250 దగ్గర తేలుతుంది. కూలి, ఎద్దు మేత దాని పైన. అందుకే ఎద్దు గానుగ పేరు పెట్టి లీటరు 200కే ఇస్తామంటే నమ్మొద్దు. బోర్డు మీద ఎద్దు బొమ్మ, వెనకాల మోటారు ఉన్నచోట్లూ ఉన్నాయి. మోటారు కట్టె గానుగ నూనె చెడ్డదేం కాదు, కానీ ఎద్దు గానుగ ధర ఇవ్వాల్సిన పని లేదు.

ఎద్దు మెడ చూడండి. కాడి కింద పుండు గానీ, ఊడిన చర్మం గానీ ఉంటే అక్కడ ఆడించొద్దు. ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం పూట గానుగ కట్టరు. దూరం నుంచి వచ్చినవాళ్లు విసుక్కున్నా, వాళ్లు చేసేది సరైన పని. పొద్దున 8 కల్లా చేరితేనే రెండో వాయి దొరుకుతుంది. కూర్చోవడానికి చెట్టు నీడ ఉంది, మరుగుదొడ్డి లేదు, తినడానికీ ఏం దొరకదు. సద్ది కట్టుకుని పోవాలి.

చెక్క మనకే కావాలంటే ముందే చెప్పాలి, లేకపోతే కూలి కింద వాళ్లే ఉంచుకుంటారు. ఇంట్లో బర్రె ఉంటే తెచ్చుకోవడం లాభమే. ఆరబెట్టకుండా సంచిలో కడితే బూజు పడుతుంది.

తెచ్చిన నూనెను రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, పైతేట వంచుకుని, అడుగు మడ్డి తీసేయాలి. మడ్డి పోని నూనెలో సకినాలు వేస్తే నురగ కట్టి మూకుడు పొంగుతుంది, అడుగున మాడుతుంది.

పగలు మిగిలితే పాలంపేట పోవచ్చు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి అక్కడే ఉంది, 2021లో యునెస్కో గుర్తింపు పొందింది. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. గుడి చూసి వచ్చేదాకా నూనె క్యానును ఎండలో ఆపిన కారులో వదలొద్దు. నీడన ఆపి, క్యాను పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచి, గోనె సంచి చుట్టి నిలువుగా పెట్టండి. నిండా పోస్తే వేడికి నూనె వ్యాకోచించి మూత సందుల్లోంచి కారుతుంది.