మల్బరీలకి ముందే డబ్బులు పంపేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

విశాఖలో సీతమ్మధార, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ‘అరకు వైపు నుంచి ఈ రోజే కోసిన మల్బరీ’ అని రోజూ ఫొటోలు పెట్టే ఆవిడ తెలుసు కదా. పేరు రాయను, మీకే అర్థమవుతుంది. 2 కిలోలకు 1,400 ముందే కట్టించుకుంది.

రేపటితో నాన్నగారికి 70 నిండుతాయి. ఆయన హిందూపురం వైపు పనిచేసే రోజుల్లో మా ఇంటి పక్కనే పట్టుపురుగుల కోసం వేసిన మల్బరీ తోటలుండేవి. ఆకు కోసం నరకకుండా గట్టున వదిలేసిన చెట్లకి పండ్లు కాసేవి. నాన్నగారు రుమాల్లో మూటగట్టి తెస్తే, ఆ మరకలు వదలక అమ్మ సణిగేది. అవే పండ్లతో, పైన పిండి పట్టీలు అల్లి, పాతకాలం ఫ్రూట్ పై చేద్దామనుకున్నాను. రాత్రే మైదాలో చల్లటి వెన్న నలిపి, ఐస్ నీళ్ళతో ముద్ద చేసి ఫ్రిజ్‌లో పెట్టాను.

పొద్దున డబ్బాలొచ్చాయి. పై వరస నల్లగా నిగనిగలాడుతోంది. కత్తెరతో ఒక్కో కాడా కత్తిరిస్తూ రెండో వరసలో వేలు పెట్టగానే పండు చితికిపోయింది. కిందంతా రసం, పులిసిన కల్లు వాసన. మధ్యలో అంటుకుపోయిన ముద్దలో ఐసు పలుకులు ఇంకా కరగలేదు. ఈ రోజు కోసిన పండులో ఐసు ఎక్కడిది?

ఫోన్ చేసి అదే అడిగాను. అప్పటిదాకా ‘దారిలో నలిగుంటాయండీ’ అన్న మనిషి గొంతు మార్చేసింది. ‘ఎలాగూ పిండిలో పెట్టి కాల్చేదే కదా, ఎవరికి కనబడుతుంది?’ అంది. నాన్నగారి పుట్టినరోజని ఆర్డర్ పెట్టినప్పుడే చెప్పానుగా అంటే, ‘పెద్దాయనకి అంత రుచి ఏం తెలుస్తుంది మేడమ్’ అని పెట్టేసింది. తర్వాత నంబర్ బ్లాక్. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆయన గురించి ఆమెకి చెప్పింది నేనే. ఎందుకు చెప్పానా అని పొద్దున్నుంచి బాధపడుతున్నాను.

నా తప్పూ ఉంది. మల్బరీ ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకి మించి నిలవదని నాకు తెలుసు. అయినా ‘గంటలో అయిపోతాయి’ అనగానే టెన్షన్ పడి డబ్బులు పంపేశాను.

కొనేవాళ్ళు డబ్బా అడుగు తిప్పి చూశాకే డబ్బులివ్వండి. రసం కారుతుంటే వద్దనండి. ఎర్రగా ఉన్నవీ తీసుకోకండి, కోశాక అవి పండవు. ఫ్రీజర్ పండని చెప్పి అమ్మితే తప్పులేదు, కార్న్‌ఫ్లోర్ కాస్త ఎక్కువేస్తే ఫ్రూట్ పై చేయడానికి బాగానే పనికొస్తాయి. చెప్పకుండా అంటగట్టడమే మోసం. చాట్లు చెరిపేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నేను ఫిర్యాదు ఇచ్చాను.

పిండి ముద్ద ఫ్రిజ్‌లోనే ఉంది. సాయంత్రం రైతుబజారుకి వెళ్ళి అనాసపండు తెచ్చి దాంతో చేస్తాను. నాన్నగారికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆమెకి అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ రోజే వెనక్కి అడగండి.