నికోటిన్ గమ్ 2 మి.గ్రా.: టీకొట్టు దగ్గర ఎంతవరకు పనికొస్తుంది?

సిగరెట్ మానడానికి మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే ఈ గమ్ మంచి సరుకే. చాలామంది తప్పేది వాడకంలో. బబుల్‌గమ్‌లా కసాబిసా నమిలేస్తే నికోటిన్ ఉమ్మితో పాటు కడుపులోకి పోతుంది. ఎక్కిళ్ళు, గుండెల్లో మంట, వికారం మొదలవుతాయి. పైగా అలా మింగినదాంట్లో ఎక్కువ భాగాన్ని లివరే విరిచేస్తుంది. "డబ్బులు దండగ" అనేవాళ్ళలో చాలామంది ఇలా నమిలినవాళ్ళే.

మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమనేదాకా మెల్లగా నమలాలి. చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయాలి. నిమిషానికి ఘాటు తగ్గుతుంది, అప్పుడు మళ్ళీ నమిలి రెండో బుగ్గకి మార్చాలి. ఒక్కో గమ్ అరగంట నడుస్తుంది.

అసలు పరీక్ష టీకొట్టు దగ్గర. సిగరెట్ నికోటిన్ 10–20 సెకన్లలో మెదడుకు చేరుతుంది, గమ్‌ది పూర్తిగా అందడానికి 20–30 నిమిషాలు పడుతుంది. ఏళ్ళ తరబడి టీ గ్లాసు, లైటర్ టిక్కుమనడం, అగ్గిపుల్ల వాసన సిగరెట్‌కు ముందు వస్తూ ఉంటే, మెదడు ఆ గుర్తులకే డోపమైన్ వదలడం నేర్చుకుంటుంది. అందుకే ఒంట్లో నికోటిన్‌కు లోటు లేకపోయినా అక్కడ నిలబడగానే నాలుక పీకుతుంది.

పోనీ టీతో పాటే గమ్ వేసుకుందామా అంటే, కాఫీ, కూల్‌డ్రింక్, పళ్ళరసాల పులుపుకు నికోటిన్ నోటి పొరలోంచి సరిగ్గా ఎక్కదు. టీకీ అదే జాగ్రత్త పాటించడం మేలు. గమ్‌కు ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. నాలుగింటికి టీ అయితే 3:20కే గమ్ మొదలుపెట్టండి.

నాలుక పీకినప్పుడే వేసుకుంటే చాలదు. మొదటి 6 వారాలు గంటా రెండు గంటలకొకటి, తర్వాత 3 వారాలు 2–4 గంటలకు, చివరి 3 వారాలు 4–8 గంటలకు. నిద్రలేచిన అరగంటలోపే వెలిగించేవాళ్ళకు 2 మి.గ్రా. ఆనదు. 4 మి.గ్రా.కు డాక్టర్ చీటీ కావాలి. కట్టుడు పళ్ళకు గమ్ అతుక్కుంటుంది, అవి పెట్టుకున్నవాళ్ళకు చప్పరించే నికోటిన్ బిళ్ళలే నయం.

ఇంట్లో టీ తాగుతూ మానేసినా పాత కొట్టు గుర్తు చెరిగిపోదు. నెలల తర్వాత అటు వెళ్ళినా జేబులో ఒక స్ట్రిప్ ఉంచుకోండి.