అమీర్‌పేటలో కెరీర్ కౌన్సెలింగ్: 1,500 రూపాయలకు సగం సమాధానం

ఇంటర్ అయ్యాక మా అమ్మాయి సోషియాలజీ చదువుతానంది. ఏఐ వచ్చాక ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా అని మా ఆయనకు టెన్షన్. అందుకే అమీర్‌పేటలో ఒక సెంటర్‌కి తీసుకెళ్లాం. ఫీజు 1,500, నలభై నిమిషాలు.

ఓపిగ్గా మాట్లాడారు, అది ఒప్పుకోవాలి. డేటా ఎంట్రీ, రిపోర్టుల సారాంశం లాంటి పనులు ఏఐ లాగేసుకుంటుందన్నారు, నిజమే. స్టాటిస్టిక్స్ కూడా నేర్చుకోమన్న సలహా చాలా మంచిది. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌కి 500 మార్కులుంటాయని మాత్రం మేమే గుర్తుచేయాల్సి వచ్చింది. "మనుషుల్ని అడిగే పని ఇక యాప్ చేస్తుంది" అన్న మాటైతే నాకు మింగుడుపడలేదు.

నేను పదకొండేళ్లుగా సర్వేలు చేస్తున్నాను. తలాబ్‌కట్టలో ఒకామెను ఏమైనా పని చేస్తారా అని అడిగితే, లేదు, ఇంట్లోనే ఉంటానని ఉర్దూలో చెప్పింది. ఆమె వేళ్లకు లక్క అంటుకుని ఉంది. పక్కన పళ్లెంలో గాజులకు అతికించే రాళ్లు. రోజుకు ఎన్ని డజన్లు చేస్తారని అడిగాక అప్పుడు లెక్క చెప్పింది. ఫోన్‌లో ఫారం అయితే "పని లేదు" అని రాసుకుని ముందుకెళ్లిపోయేది. 1951-52లో ఉస్మానియా నుంచి ఆంత్రపాలజిస్ట్ ఎస్.సి. దూబే బృందం శామీర్‌పేటకు వెళ్లి ఊరి జీవితాన్ని చూసిందీ ఇలా దగ్గరనుంచే.

ఇంజనీరింగ్ బ్రాంచి తేల్చుకోలేని పిల్లలకైతే వెళ్లమంటాను. సోషియాలజీ కోసమైతే, ఆ కోర్సు చదివి పనిచేస్తున్నవాళ్లను ఇద్దర్ని కలవండి. మా అమ్మాయి డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో సోషియాలజీ కాంబినేషన్‌నే మొదటి ఆప్షన్‌గా పెట్టింది.