మెర్‌క్రూజర్ అలైన్‌మెంట్ బార్: బేరింగ్ మార్చినా మూలుగు పోని పడవలకి

స్టెర్న్‌డ్రైవ్ పడవలో, అంటే ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్ వెనక బయట ఉండే పడవలో, వెనక నుంచి గరగరమని మూలుగు వస్తే అందరి చెయ్యీ ముందు జింబల్ బేరింగ్ (ఇంజిన్ నుంచి డ్రైవ్‌కి వెళ్లే షాఫ్ట్‌ను మోసే బేరింగ్) మీదికే పోతుంది. కొత్తది వేస్తారు, ఒక సీజన్ హాయిగా గడుస్తుంది, మళ్లీ అదే మూలుగు. చాలాసార్లు తప్పు బేరింగ్‌ది కాదు. ఇంజిన్ వరస తప్పి ఉంటుంది, అంటే డ్రైవ్‌తో ఒకే గీతలో ఉండదు. ఆ సంగతి పట్టిచ్చే పనిముట్టే ఈ బార్, పార్ట్ నంబరు 91-805475ఏ1. మెర్‌క్రూజర్ డ్రైవ్‌ల్లో ఆల్ఫా, బ్రావో రకాలు రెండిటికీ పనికొస్తుంది.

అయితే బార్ కొనేముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోవాలి. పడవ ట్రెయిలర్ మీద ఉంటే మఫ్స్‌తో (డ్రైవ్ నీళ్లు పీల్చే రంధ్రాలకి గొట్టంతో తగిలించే రబ్బరు కప్పులు) నీళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఐడిల్‌లో ఉంచి స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. నేరుగా ఉన్నప్పుడే మూలుగుతూ, తిప్పితే స్వరం మారితే జింబల్ బేరింగ్‌ను అనుమానించాలి. బాగా తిప్పినప్పుడు టకటకమంటే అది యూ-జాయింట్ల పని. లారీ జాయింట్ షాఫ్ట్‌లో ఉండే క్రాసుల్లాంటివే ఇవీ. మెకానిక్ స్టెతస్కోప్ కడ్డీని జింబల్ హౌసింగ్ మీద ఒకసారి, డ్రైవ్ పై భాగం మీద ఒకసారి ఆనించి వింటే తేడా తెలిసిపోతుంది. తిరిగే ప్రొపెల్లర్ దగ్గర మనుషులెవరూ ఉండకూడదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆల్ఫాలో క్లచ్ కింది యూనిట్‌లో ఉంటుంది కాబట్టి న్యూట్రల్‌లో కూడా యూ-జాయింట్లు, పై గేర్లు, నిలువు షాఫ్ట్ తిరుగుతూనే ఉంటాయి. బ్రావోలో క్లచ్ పై యూనిట్‌లోనే ఉంటుంది, అందుకని న్యూట్రల్‌లో నిలువు షాఫ్ట్ తిరగదు. గేరు వేసినప్పుడే శబ్దం వస్తే ఆల్ఫాలో కింది గేర్లనీ, ప్రొపెల్లర్ షాఫ్ట్‌నీ చూడాలి. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడినా, డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి ఇనుప రవ్వలు అంటుకున్నా బార్ సంగతి పక్కనపెట్టి డ్రైవ్ విప్పించండి. ఐడిల్ మరీ తక్కువగా ఉంటే గేర్లు గలగలమంటాయి, దాన్ని రోగం అనుకోకండి.

అనుమానం బేరింగ్ దగ్గరే ఆగితే డ్రైవ్ తీయాలి. ఆల్ఫా అయితే ఫార్వర్డ్ గేర్‌లో పెట్టి ఆరు నట్లూ విప్పండి. వేలు పెట్టి బేరింగ్ తిప్పితే ఇసుక నలిగినట్టు తగులుతుంది, తుప్పు నీళ్లు కారుతుంటాయి. అలా ఉంటే నీళ్లు లోపలికి రాకుండా ఆపే మడతల రబ్బరు గొట్టం, బెల్లోస్, చిరిగిందన్నమాట. దాన్ని మార్చకుండా ఎంత మంచి బేరింగ్ వేసినా దండగే.

ఇప్పుడు బార్ పని. బేరింగ్ సెల్ఫ్-అలైనింగ్ రకం, అంటే తన గూట్లో కాస్త అటూ ఇటూ వాలుతుంది, కాబట్టి ముందు బార్ దూర్చి నెమ్మదిగా అటూ ఇటూ తట్టి దాన్ని సరిగ్గా ఎదురుగా నిలబెట్టాలి. తర్వాత బార్ చివర పల్చగా గ్రీజు రాసి, బేరింగ్‌లోంచి కప్లర్ (షాఫ్ట్‌ను ఇంజిన్‌కి కలిపే ముక్క) స్ప్లైన్లలోకి, అంటే లోపలి పళ్లలోకి, తోయండి. రెండు వేళ్ల బలంతో జారాలి. బయటికి తీసి వెలుతురులో పెట్టి చూడండి. స్ప్లైన్ గీతలు చుట్టూ సమానంగా పడితే వరస సరిగ్గా ఉంది. ఒక వైపే గ్రీజు చెరిగిపోయి, అవతలి వైపు తాకనట్టే ఉంటే ఇంజిన్‌ను మోసే ముందు మౌంట్లు సర్దాలి. రెండు పక్కలా నట్లను సమానంగా, ఒక్కోసారి పావు చుట్టే తిప్పి, బార్ మళ్లీ పెట్టి చూడాలి. సరిపోయాక క్రాంక్‌ను (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్‌ను) పావు చుట్టు తిప్పి మరోసారి చూడండి. అప్పుడు గీతలు మారితే వంకర కప్లర్‌లో ఉందన్నమాట.

ఈ బార్‌లో నాకు బాగా నచ్చింది ఆ గ్రీజు గుర్తే. ఊహకి చోటు లేకుండా ఇంజిన్ ఎటు వాలిందో కళ్లముందు పెడుతుంది. చౌక బార్లలో కొన్ని రెండు ముక్కలుగా వచ్చి మరతో బిగిస్తారు. కొంటే గాజు పలక మీద దొర్లించి చూడండి, కింద సందు కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. వంకర బార్ మంచి ఇంజిన్‌ను కూడా తప్పు పట్టిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. డ్రైవ్ తీస్తే తప్ప పనికిరాదు, బరువు, యూ-జాయింట్ల గురించి ఏమీ చెప్పదు. కొత్త బేరింగ్ లోపలికి కొట్టడానికి దీన్ని వాడకండి, చివర నొక్కుకుపోతే కొలత పోతుంది. బేరింగ్ కొట్టడానికి డ్రైవర్ అనే వేరే పనిముట్టు ఉంది. ఏడాదికోసారి పనిపడే వస్తువు కాబట్టి మెరీనాలో నలుగురు కలిసి కొనుక్కుంటే సరిపోతుంది. నా లెక్కలో అయిదుకి నాలుగున్నర.

డ్రైవ్ తిరిగి ఎక్కించేటప్పుడు ఓ-రింగులు, గ్యాస్కెట్ కొత్తవి వేసి, స్ప్లైన్లకి గ్రీజు పట్టించి, ఆల్ఫా నట్లను 68 న్యూటన్ మీటర్లకి, అంటే 50 ఫుట్-పౌండ్లకి బిగించండి. బార్‌కి నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టుకోండి, తుప్పు పొర పట్టినా రెండు వేళ్లతో జారదు.