బీవర్ స్టేడియంలో మా బల్ల: పన్నెండు సీజన్ల తర్వాత

నేను పన్నెండు సీజన్లు కూర్చున్న బల్ల ఇప్పుడు లేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, స్టేట్ కాలేజ్ అనే ఊళ్లో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం, బీవర్ స్టేడియం ఉంది. అందులో పడమటి వైపు, విలేఖరులు కూర్చునే ప్రెస్ బాక్స్ కింద, పై వరుసల్లో మా చోటు. 2025 జనవరిలో ఆ ప్రెస్ బాక్స్‌ని కూల్చేశారు. దాంతోపాటే మా వరుసా పోయింది. మొత్తం 70 కోట్ల డాలర్ల రెనొవేషన్, 2027 సీజన్‌కి పూర్తవ్వాలి. ఈ పని అవసరమా, దండగా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఎవరు ఏ మాట అన్నా ఆ బల్ల మీద ఎండకీ వానకీ మంచుకీ కూర్చున్నవాడిగా నాకూ ఒక అభిప్రాయం ఉంది, అది పూర్తిగా చెప్పాలనిపించింది.

ముందే చెప్పేస్తాను. బాగు చేయాల్సిందే. నేను ఆ పక్షమే. కానీ బాగు చేయడం అంటే ఎవరి కోసం అన్న దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది.

ఈ ఆట తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఇది కాళ్లతో ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. ఆడేది కాలేజీ కుర్రాళ్లు. శనివారం శనివారం మ్యాచ్. ఒక కాలేజీ మ్యాచ్‌కి లక్ష మంది వస్తారంటే మన వైపు ఎవరూ నమ్మరు, కానీ రెనొవేషన్‌కి ముందు బీవర్ స్టేడియం లెక్క ప్రకారం పట్టేదే 1,06,572 మంది. అమెరికాలో మిషిగన్ స్టేడియం తర్వాత ఇదే పెద్దది. ఇందులో దాదాపు 21 వేల సీట్లు విద్యార్థులవే. చుట్టూ పశువుల కొట్టాలు, గడ్డి మైదానాలు, దూరంగా నిటనీ కొండ. మ్యాచ్ రోజు ఆ గడ్డి మీదే కార్లు ఆపుతారు. మామూలు రోజుల్లో ఆ చుట్టుపక్కల ఆవులు తప్ప మనుషులు పెద్దగా కనపడరు.

నేను 2006లో ఎమ్మెస్ చదవడానికి వచ్చాను. 2007 సెప్టెంబరులో నోటర్ డామ్ అనే ఇంకో యూనివర్సిటీ జట్టుతో మ్యాచ్. స్టేడియం మొత్తం తెల్ల బట్టలు వేసుకుని రావాలన్న 'వైట్ అవుట్' అంతకుముందు విద్యార్థుల వరకే ఉండేది, స్టేడియం అంతటా చేసింది ఆ రోజే మొదలు. నా దగ్గర తెల్ల టీషర్ట్ లేకపోతే రూమ్మేట్ బనీను ఇచ్చాడు. ఆ రాత్రి 31-10తో గెలిచాం. ఇక అంతే, ఉద్యోగం వచ్చి హారిస్‌బర్గ్ వైపు వెళ్లిపోయినా ఈ ఆట వదల్లేదు. 2012 నుంచి సీజన్ టికెట్. కోవిడ్ ఏడాది తప్ప ప్రతి ఏడూ గంటన్నర డ్రైవ్ చేసుకుని వెళ్లాం. మాతో నాలుగైదు తెలుగు కుటుంబాలు వచ్చేవి. కారు డిక్కీ తెరిచి, మడత కుర్చీలు వేసుకుని, చిన్న గ్యాస్ పొయ్యి మీద కోడి వేపుడు వేడి చేసుకుని, హాట్‌ప్యాక్‌లో తెచ్చిన పులిహోర పక్క కార్ల వాళ్లకి కూడా పెట్టేవాళ్లం. దీన్ని టెయిల్‌గేట్ అంటారు. పులిహోర కోసమే ఒక కుటుంబం ప్రతి సీజన్‌లో మా పక్కనే కారు పెట్టేది.

ఇక బల్ల సంగతి. అది అల్యూమినియం పలక. దాని మీద నంబరు, ఒక గీత, మళ్లీ నంబరు. వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. సెప్టెంబరులో టీషర్ట్ మీద ఉన్నప్పుడు రెండు గీతల మధ్య మనిషి సరిపోతాడు. నవంబరులో అదే మనిషి కోటు మీద కోటు వేసుకుని వస్తే సరిపోడు. వరుసలో ఇరవై మంది ఉంటే ఇద్దరు పక్కకి తిరిగి కూర్చోవాలి. చలి బల్లలోంచి నేరుగా ఒంట్లోకి ఎక్కుతుంది. పాతకాపులు కాళ్ల కింద వేసుకోవడానికి అట్టముక్కలు తెచ్చుకునేవాళ్లు. మొదటిసారి చూసినప్పుడు ఎందుకో అర్థం కాలేదు, తర్వాత నవంబరు నుంచి మా కారులోనూ ఎప్పుడూ రెండు అట్టముక్కలు ఉండేవి.

2013 అక్టోబరులో మా నాన్న వచ్చారు. తెనాలి నుంచి. మిషిగన్ యూనివర్సిటీ జట్టుతో మ్యాచ్‌కి తీసుకెళ్లాను. ఆ మ్యాచ్ స్కోరు సమమై నాలుగు ఓవర్‌టైమ్‌లు (అదనపు ఆటలు) వెళ్లి 43-40తో మనం గెలిచాం. నాలుగు గంటలు దాటి ఆ బల్ల మీద కూర్చున్నారు నాన్న. నియమాలు ఒక్కటీ తెలియకపోయినా పక్కవాళ్లు లేచినప్పుడల్లా లేచి, అరిచినప్పుడల్లా అరిచారు. తిరిగొచ్చేటప్పుడు కారులో నడుం పట్టుకుని, "ఒరేయ్, అవి అచ్చం సర్కస్ గ్యాలరీ బల్లల్లా ఉన్నాయిరా. ఇంత డబ్బున్న వాళ్లు వీపు ఆనించుకోవడానికి ఒక చెక్క వేయలేరా?" అన్నారు. కాసేపాగి, "అయినా మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తావు?" అన్నారు. ఈ స్టేడియం గురించి నా రివ్యూ మొత్తం ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఈ నిర్మాణం చరిత్ర తెలిస్తే ఆ బల్లలు ఎందుకు అలా ఉన్నాయో అర్థమవుతుంది. 1909 నాటి పాత మైదానం క్యాంపస్‌లో ఇంకోచోట ఉండేది. దాని ఉక్కు స్టాండ్లని ముక్కలుగా విప్పి, తూర్పు అంచుకి తీసుకొచ్చి, 1960లో ఇక్కడ మళ్లీ బిగించారు. అప్పుడు పట్టేది 46 వేల మంది. తర్వాత అవసరం పడినప్పుడల్లా ఓ పక్క అతుకు వేస్తూ పోయారు. 1978లో చేసిందైతే వింటే ఆశ్చర్యం వేస్తుంది. స్టాండ్లని కోసి, హైడ్రాలిక్ జాకీలతో గాలిలోకి ఎత్తి, కింద కొత్త వరుసలు చేర్చారు. ఒక్క దెబ్బకి 16 వేలకు పైగా సీట్లు పెరిగాయి. 1991లో ఉత్తరం వైపు పై అంతస్తు, 2001లో దక్షిణం వైపు పై అంతస్తు. మన ఊళ్లలో పెంకుటింటికి ఒక గది, దానికి ఒక వసారా, దాని మీద ఒక డాబా వేసుకుంటూ పోయినట్టు పెరిగింది ఇది. అందుకే లోపల ఒక చోట దారి వెడల్పుగా ఉంటుంది, పది అడుగులు వేస్తే ఇరుకైపోతుంది. బాత్‌రూమ్‌లు, తిండి కౌంటర్లు ఆ కాలం జనాభాకి కట్టినవి. హాఫ్‌టైమ్ 20 నిమిషాలు. ఆడవాళ్ల లైన్ ఎంత ఉంటుందో మా ఆవిడని అడిగితే చెబుతుంది. మ్యాచ్ మళ్లీ మొదలయ్యాక చాలాసేపటికి గానీ తను బల్ల దగ్గరికి వచ్చేది కాదు.

మా వరుసలో ఒక పెద్దాయన ఉండేవారు. 1978లో స్టాండ్లని ఎత్తడం కళ్లారా చూసినాయన. ఆయన రెనొవేషన్‌కి పూర్తి వ్యతిరేకి. ఆయన వాదనలో బలం ఉంది. ఈ స్టేడియం గొప్పతనం దాని శబ్దంలో ఉంది, ఆ శబ్దం ఈ ఉక్కు వల్లే, ఈ ఇరుకు వల్లే వస్తుంది అనేవారు. నేను అది ఒప్పుకుంటాను, ఎందుకంటే 2016 అక్టోబరు 22 రాత్రి ఆయన పక్కనే ఉన్నాను. ఒహాయో స్టేట్ దేశంలో రెండో ర్యాంకు జట్టు. 21-17తో ముందుంది. నాలుగు నిమిషాల చిల్లర మిగిలింది. వాళ్లు ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) కొట్టబోతే మన మార్కస్ అలెన్ చెయ్యి అడ్డం పెట్టాడు, బంతిని గ్రాంట్ హేలీ అందుకుని 60 గజాలు పరిగెత్తి, మైదానం అవతలి చివరకి చేర్చి టచ్‌డౌన్ చేశాడు. నా చేతిలో హాట్ చాక్లెట్ కప్పు ఉంది. హేలీ పరిగెడుతుండగా కాళ్ల కింద ఉక్కు వణకడం మొదలుపెట్టింది, కప్పులో చాక్లెట్ వలయాలు వలయాలుగా కదిలింది, ఆ తర్వాత నా చెవికి ఏదీ విడిగా వినిపించలేదు, ఒకటే హోరు. 24-21. పెద్దాయన నన్ను వాటేసుకుని ఏదో అన్నారు, ఏమన్నారో ఇప్పటికీ తెలియదు. కాంక్రీటులో, మెత్తటి కుర్చీల్లో ఆ వణుకు ఉంటుందా అంటే నాకూ భయమే.

మా వెనక వరుసలో ఒక నర్సు కూర్చునేది. ఆమె మాట ఇంకోలా ఉండేది. "మా నాన్న ఈ కాలేజీలోనే చదివారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. నలభై ఏళ్లు వచ్చిన మనిషి ఇప్పుడు టీవీలో చూస్తున్నారు. ఆయన పైకి రావడానికి నాలుగు లిఫ్టులు వేస్తే స్టేడియం ఆత్మ పోతుందా?" అని పెద్దాయనని సూటిగా అడిగింది ఒకసారి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నేను ఆమె వైపు.

చలి విషయం కూడా ఉంది. దేశ ఛాంపియన్ ఎవరో తేల్చే కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ పన్నెండు జట్లకి పెరిగాక డిసెంబరులో కూడా సొంత మైదానంలో మ్యాచ్‌లు వస్తున్నాయి. పాత పైపులు నవంబరుతో ఆపేసేలా వేసినవి, గడ్డకట్టే చలికి పనికిరావు. 2024లో ముందు ఆ పని చేశారు. డిసెంబరు 21న ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) జట్టుతో మొదటి ప్లేఆఫ్ మ్యాచ్. ఉష్ణోగ్రత మైనస్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. నీళ్లు వచ్చాయి, బాత్‌రూమ్‌లు పనిచేశాయి, 38-10తో గెలిచాం. మన లైన్‌బ్యాకర్లు (అడ్డుకునే ఆటగాళ్లు) ఇద్దరు వాళ్లు విసిరిన బంతిని దొరకబుచ్చుకుని నేరుగా టచ్‌డౌన్లు చేశారు. రెనొవేషన్ దండగ అనేవాళ్లు ఆ రోజు ఆ చలిలో ఉండి ఉంటే, పైపుల గురించైనా మాట మార్చుకునేవారు.

ఇక డబ్బు. అసలు గొడవంతా ఇక్కడే. యూనివర్సిటీ చెప్పేది స్పష్టంగానే ఉంది: ఇది విద్యార్థుల ఫీజుల సొమ్ము కాదు, ప్రభుత్వ సొమ్ము కాదు, క్రీడా విభాగం తన ఆదాయంతో, విరాళాలతో, అప్పుతో చేసుకుంటోంది. ఫుట్‌బాల్ సంపాదిస్తేనే మిగతా ఆటలు నడుస్తాయి, పెన్ స్టేట్‌కి 31 జట్లు ఉన్నాయి. దానికి తోడు 2025 జులై నుంచి కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి 2.05 కోట్ల డాలర్ల వరకు. ఆ డబ్బు ఎక్కడినుంచో రావాలి. ఇదంతా లెక్క ప్రకారం సరే. కానీ 2025 మేలో అదే యూనివర్సిటీ బోర్డు ఏడు చిన్న క్యాంపస్‌లని 2027 వసంతం తర్వాత మూసేయడానికి ఓటు వేసింది. అందులో యార్క్ మా ఇంటికి గంట దూరం కూడా లేదు. ఒక పద్దు సొమ్ము ఇంకో పద్దుకి వాడరని ఎంత చెప్పినా, క్రేన్లు ఒకచోట లేస్తుంటే, తలుపులు ఇంకోచోట మూసుకుంటుంటే జనం మనసు నొచ్చుకోవడంలో తప్పేమీ లేదు. దానికి పద్దుల లెక్క చూపించి ఊరుకోవడం జవాబు కాదు.

నా అభ్యంతరం దీనికంటే చిన్నది, కానీ నాకు ముఖ్యమైంది. కొత్త పడమటి స్టాండులో సూట్లు, క్లబ్ సీట్లు, లోజ్ బాక్సులు, అంటే ఎక్కువ డబ్బు పెట్టేవాళ్ల ప్రత్యేక సీట్లు వస్తాయి. ఆదాయం వాటి వల్లే వస్తుంది కాబట్టి అవి ఉండాలి, అర్థమైంది. ఇప్పటికే మంచి సీటుకి టికెట్ మీద విరాళం కూడా కట్టాలి. అయితే మైదానం బాగా కనిపించే మధ్య భాగం అంతా గాజు అద్దాల వెనక్కి వెళ్లిపోతే, గంటన్నర డ్రైవ్ చేసుకుని, అట్టముక్క పట్టుకుని వచ్చే మనిషి ఎక్కడికి పోవాలి? అరిచేది ఆ మనిషే. మిషిగన్‌తో నాలుగో ఓవర్‌టైమ్ దాకా కదలకుండా కూర్చున్నది ఆ మనిషే. గాజు వెనక ఉన్నవాళ్లకి ఉక్కు వణుకు తెలియదు. లిఫ్టులు వేయండి, బాత్‌రూమ్‌లు రెట్టింపు చేయండి, దారులు వెడల్పు చేయండి, వీపుకి ఆనుడు పెట్టండి. కానీ ప్రతి వైపూ, మధ్యలో కూడా, మామూలు జీతగాడు కొనగలిగే వరుసలు కొన్ని రాసిపెట్టి ఉంచండి. విద్యార్థుల సీట్లు ఎలా విడిగా ఉంచారో అలా. ఈ ఒక్కటి చేస్తే పెద్దాయన కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం.

2025 సీజన్ ఎలా గడిచిందో చెప్తాను, ఎందుకంటే కొత్తగా వెళ్లాలనుకునేవాళ్లు అడుగుతున్నారు. పడమటి వైపు తాత్కాలిక సీట్లు వేశారు. చుట్టూ కంచెలు, నడవాల్సిన దారి మారింది, గంట ముందు బయల్దేరండి. పారదర్శకమైన సంచి తప్ప వేరే బ్యాగు లోపలికి రానివ్వరు. సెప్టెంబరు 27న ఒరెగాన్‌తో వైట్ అవుట్‌కి నిర్మాణం సగంలో ఉండగానే జనం 1,11,000 దాటారు. రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 30-24తో ఓడిపోయాం. మేం ఈసారి ఉత్తరం పై అంతస్తులో కూర్చున్నాం. అక్కడినుంచి చూస్తే మా పాత చోటు ఉండాల్సిన దగ్గర ఖాళీ ఆకాశం.

ఎస్ఎంయూ మ్యాచ్ ఆ పడమటి వరుసలకి ఆఖరిది. అయిపోయాక కూడా మేం చాలాసేపు కదల్లేదు. పెద్దాయన చేతి తొడుగు తీసి, బల్ల మీద తన నంబరుని బొటనవేలితో రెండుసార్లు తుడిచి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. నన్నూ తీసుకోమన్నారు. మా ఆవిడ అట్టముక్కలు రెండూ తీసి సంచిలో పెట్టింది. వెనక వరుస నర్సు ఆయన భుజం మీద చెయ్యి వేసి, కొత్తది కట్టాక మా నాన్నని తీసుకొస్తాను, మీ పక్కన సీటు ఉంచండి అంది. ఆయన సరే అన్నారు.