టౌన్‌హాలు కోసం నెల్లూరు వెళ్లొచ్చాం, లాడ్జి ఊసెత్తకండి

నెల్లూరు టౌన్‌హాల్లో ఎస్పీ బాలు పాటల కార్యక్రమం ఉందని తెలిసి, వెళ్లి తీరాల్సిందేనని పట్టుబట్టాను. జూన్ 4 ఆయన పుట్టినరోజు. "ఈ ఎండల్లో నెల్లూరేంటే?" అని మావారు సణిగారు. ఆయనది ఒంగోలు. అదేదో ఊటీ అయినట్టు!

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం హాయిగా జరిగింది. కష్టాలన్నీ లాడ్జిలోనే. ఏసీ రూము 1,600, చెకౌట్ 24 గంటలని ఫోన్లో చెప్పారు. పొద్దున ఆరున్నరకి డబ్బు కట్టి, స్నానాలు చేసి కిందికొస్తే కౌంటర్లో ఇంకో కుర్రాడు కూర్చునున్నాడు. "మాకు తొమ్మిదికి రోజు మారిపోద్ది సార్, ఇంకో 1,600 కట్టాల" అన్నాడు. అంటే రెండున్నర గంటలకి ఒక రోజు అద్దె! ఎప్పుడూ గొంతు పెంచని మావారు ఆ రోజు హాలంతా వినిపించేలా మాట్లాడారు. చివరికి మొత్తం 2,400కి తెగింది. ఏసీ రిమోట్ ఇవ్వడానికి 200 డిపాజిట్ అడిగారు. వెళ్లేటప్పుడు చిల్లర లేదని వందే తిరిగిచ్చారు. చెకౌట్ టైము రసీదు మీద రాయించుకున్నాకే డబ్బు తియ్యండి. ఇంకో మాట, స్టేషన్ నుంచి ట్రంకు రోడ్డుకి ఆటో వాళ్లు 120 అడుగుతారు. 50 ఇచ్చినా చాలా ఎక్కువే.

టౌన్‌హాలు అంటే రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం. ఆ పూర్తి పేరుతో పిలిచినవాళ్లని మాత్రం నేను చూళ్లేదు. మాది పెన్న అవతల కోవూరు. నాన్నకి పద్య నాటకాల పిచ్చి, నన్నూ ఈ హాలుకి తీసుకొచ్చేవాడు. కృష్ణుడు రాగం తీస్తుంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు, హార్మోనియం ఆయన నవ్వుతూ మళ్లీ శ్రుతి పట్టేవాడు. ఆట అయ్యేసరికి బస్సులుండేవి కావు. అప్పటికింకా బైపాస్ లేదు, మద్రాసు లారీలన్నీ ఊళ్లోంచే వెళ్లేవి. ఏదో ఒకటి ఆపి ఎక్కేవాళ్లం. కోవూరు వచ్చేదాకా నాన్న ఆ పద్యాలే పాడేవాడు, డ్రైవరు కూడా గొంతు కలిపేవాడు. తర్వాత డీకే కాలేజీలో చదివేటప్పుడు లలిత సంగీతం పోటీకి అదే స్టేజీ ఎక్కాను. మోకాళ్లు వణికాయి, బహుమతి రాలేదు. పెళ్లయ్యాక అటువైపు వెళ్లడమే తగ్గిపోయింది.

ఇక బాలు పాటల కార్యక్రమానికొస్తే, ప్రవేశం ఉచితం. ఆరింటికే వెళ్లండి, లేకపోతే కుర్చీ దొరకదు. కానీ పాటలు ఎనిమిదికి గానీ మొదలవ్వవు. అప్పటిదాకా శాలువాలు, జ్ఞాపికలు, "రెండు నిమిషాలు మాట్లాడి ముగిస్తాను" అంటూ ఇరవై నిమిషాలు మాట్లాడే పెద్దలు. మావారు శుభ్రంగా నిద్రపోయారు. అంతకన్నా నాకు ఒళ్లు మండింది సౌండ్ సిస్టమ్ చూసి. తబలా కొడుతుంటే గుండెల మీద గుద్దినట్టుంది. వెళ్లి తగ్గించమంటే "యూత్‌కి బేస్ కావాల మేడం" అన్నాడు ఆపరేటరు. హాల్లో సగం తలలు నెరిసినవే! ఒక చరణం మధ్యలో మైకు పోయింది. పాడే అమ్మాయి ఆగకుండా పాడేసింది, వెనక వరసలో ఉన్న నాకు ప్రతి మాటా వినపడింది. మావారికి మెలకువొచ్చింది కూడా అప్పుడే! ఆ హాలుకి నాలుగు బాక్సులు, రెండు సబ్‌వూఫర్లు ఎవరు పెట్టమన్నారో!

మర్నాడు తిప్పరాజువారి వీధిలో బాలు గారి ఇంటిని బయట నుంచే చూశాం. 2020లో ఆయన దాన్ని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. మధ్యాహ్నం చేపల పులుసు భోజనం, ఇద్దరికీ 520. మామిడికాయ ముక్కలు పడ్డ పులుసుని మావారు రెండోసారి అడిగి మరీ పోయించుకున్నారు, వడ్డించే ఆయన విసుక్కోలేదు. దాంతో లాడ్జి కోపం సగం దిగింది. మలై కాజా అర కిలో కట్టించుకున్నాం. రైలు ఒంగోలు దాటకముందే డబ్బా ఖాళీ.

వచ్చే జూన్‌కి టికెట్లు ఆయనే చేయిస్తానన్నారు. రూము మాత్రం నేను చూడాలట.