256 గళ్ళ మెటాసర్ఫేస్ కిట్, మా ల్యాబ్ అనుభవం

పోయిన నెల ప్రోగ్రామబుల్ మెటాసర్ఫేస్ (రేడియో తరంగాల్ని మనం చెప్పిన వైపు తిప్పే గళ్ళ పలక) కిట్ ఒకటి తెప్పించాం, కంపెనీ పేరెందుకులెండి. 16×16, మొత్తం 256 గళ్ళు, గడికో పిన్ డయోడ్, అంటే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ లాంటిది, దాన్ని ఆన్ ఆఫ్ చేస్తే తిరిగొచ్చే 5.5 గిగాహెర్ట్జ్ తరంగం ఫేజు సుమారు 180 డిగ్రీలు మారుద్ది, అంటే అల ఎత్తున్న చోట పల్లం వచ్చుద్ది, అంతే. 2014లో చైనాలోని నాన్‌జింగ్ సౌత్ఈస్ట్ యూనివర్సిటీ వాళ్ళ పేపర్లోని 0, 1 కోడింగ్ (గడి రెండు స్థితుల్లో ఒకటి 0, రెండోది 1) ఐడియానే ఇది. సొంతంగా సిగ్నల్ పుట్టించదు, అద్దంలా తిప్పుద్ది, ఎటు తిప్పాలో మనం చెప్పాలి. అన్ని ప్యాటర్న్‌లూ ట్రై చేద్దామంటే 2 పవర్ 256, ఏడు జన్మలెత్తినా అవ్వదు, అందుకే ఒక్కో గడి మార్చి చూసి సిగ్నల్ పెరిగితే ఉంచడం లేకపోతే వెనక్కి పెట్టడం, అలా రాత్రంతా కూర్చుంటే ఇనప బీరువా వెనక పెట్టిన రిసీవర్‌కి సిగ్నల్ అందింది, భలే అనిపించింది! మాన్యువల్ మాత్రం దండగ, రెండు వరసల వైరింగ్ తారుమారు, మెయిల్ పెడితే ఇప్పటిదాకా ఉలుకూ లేదు పలుకూ లేదు.